‘ఎలా ఉన్నావు?’ అని అడగటం కూడా మన బాధ్యతే

ఇంజనీరింగుకో, మెడిసిన్‌కో, విదేశాల్లో ఎమ్మెస్‌కో బయలుదేరే బిడ్డకు మన ఇళ్ళలో ఎన్నో జాగ్రత్తలు చెబుతాము. నమాజు వదలవద్దంటాము. హలాల్ భోజనం చూసుకోమంటాము. చెడు స్నేహాలకు దూరంగా ఉండమంటాము. ఫీజు, హాస్టలు, వీసా, విమానం టిక్కెట్టు అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూస్తాము. కాని ఒక్క మాట మాత్రం మన నోట రాదు. “బేటా! అక్కడ ఎప్పుడైనా మనసు విరిగిపోయి, బ్రతకాలనే అనిపించకపోతే ఎవరికి చెబుతావు?” అని అడగము. అది అపశకునం మాట అనుకుంటాము. ముస్లిం బిడ్డకు అలాంటి ఆలోచన రానే రాదని మనకు మనమే నచ్చజెప్పుకుంటాము.

నేడు అనేక విశ్వవిద్యాలయాలు ఈ ప్రశ్ననే విద్యార్థులను అడుగుతున్నాయి. కొన్ని రాతపూర్వకంగా అడుగుతాయి, కొన్ని కౌన్సిలర్ ద్వారా అడుగుతాయి. దీనినే ‘స్క్రీనింగ్’ అంటున్నారు. ఈ ప్రశ్నలు ఎలా ఉంటాయి? వాటివల్ల మేలెంత? వాటి హద్దులేమిటి? ఈ విషయంలో ధర్మం మనకు నేర్పేదేమిటి? ఈ వ్యాసంలో ఇన్షా అల్లాహ్ వీటిని పరిశీలిద్దాం.

మనకు సంబంధం లేని విషయమా?

మన దేశంలో 2022వ సంవత్సరంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర రికార్డుల సంస్థ నమోదు చేసింది. వారిలో 13,044 మంది విద్యార్థులు. అంటే సగటున రోజుకు 35 మంది. ఒక్కొక్క అంకె వెనుక ఒక తల్లి, ఒక తండ్రి, ఒక ఖాళీ అయిన మంచం ఉన్నాయి.

“ఇవి లోకుల లెక్కలు, మనవారిలో విశ్వాసం ఉంది కదా!” అని కొందరనవచ్చు. విశ్వాసం గొప్ప రక్షణే. సందేహం లేదు. అయితే విశ్వాసులకు జ్వరం రాదని ఎవరూ అనరు. అమెరికాలో వివిధ మతస్థుల మధ్య 2019లో జరిగిన ఒక సర్వే ఆధారంగా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ రానియా అవ్వాద్ బృందం 2021లో ఒక పరిశోధన ప్రచురించింది. జీవితంలో ఎప్పుడో ఒకసారి ఆత్మహత్యా ప్రయత్నం చేశామని చెప్పినవారు అక్కడి ముస్లిములలో 7.9 శాతం ఉన్నారు. ప్రొటెస్టెంట్లలో, క్యాథలిక్కులలో, యూదులలో ఈ శాతం అంతకంటే తక్కువగా ఉంది. ఇది ఒక దేశంలోని ఒక సర్వే ఫలితం మాత్రమే. దీన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేయరాదు. కాని ‘మనవారిలో ఇది ఉండదు’ అనే ధీమాను సడలించటానికి ఇది చాలు. పైగా మన తెలుగు రాష్ట్రాల నుంచి వేలాది పిల్లలు చదువుకోసం వెళుతున్నది ఆ దేశానికే.

హన్‌జలా (రజి) ఇచ్చిన జవాబు

సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ హన్‌జలా (రజి) దైవప్రవక్త (స) వారి లేఖకులలో ఒకరు. ఒకరోజు ఆయన దారిలో వెళుతుండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) ఎదురుపడి, ఎలా ఉన్నావని కుశలం అడిగారు. మనమైతే “అల్‌హమ్దులిల్లాహ్, బాగున్నాను” అని సాగిపోయేవాళ్ళం. హన్‌జలా (రజి) అలా అనలేదు. తాను కపటి అయిపోయానని తన లోపలి బాధను బయటపెట్టారు. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గ నరకాలు కళ్ళెదుట ఉన్నట్లే ఉంటాయని, ఇంటికి వెళ్ళి ఆలుబిడ్డల్లో, ఆస్తిపాస్తుల్లో పడగానే అవన్నీ మరుగున పడుతున్నాయని చెప్పుకున్నారు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయన్ను గద్దించలేదు. ఇలాంటి మాట అనవచ్చా అని నోరు మూయించలేదు. తన పరిస్థితీ అంతేనని చెప్పారు. తర్వాత ఇద్దరూ కలిసి దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళారు. ఆయన (స) హన్‌జలా మాట పూర్తిగా విని, మనిషి మనసు ఎల్లవేళలా ఒకేలా ఉండదని, ఒక సమయం అలా, ఒక సమయం ఇలా ఉంటుందని ఊరడించారు.

హన్‌జలా (రజి)ది ప్రాణం తీసుకునే ఆలోచన కాదు, తన విశ్వాసం గురించిన బెంగ. అయినా ఈ సంఘటనలో మనకు కావలసిన పాఠం ఉంది. అందులో నాలుగు మెట్లున్నాయి. ఒకటి: దారిలో కలిసినవాణ్ణి అడగటం. రెండు: అతను నిజం చెప్పినప్పుడు తిట్టకుండా వినటం. మూడు: ‘ఈ బాధ నీ ఒక్కడిదే కాదు’ అని తోడు నిలవటం. నాలుగు: తనకంటే బాగా తెలిసినవారి దగ్గరకు, ఒంటరిగా పంపకుండా, వెంటబెట్టుకుని తీసుకువెళ్ళటం. స్క్రీనింగ్ సక్రమంగా జరిగితే అందులో ఉండేవీ ఈ నాలుగు మెట్లే. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతే అది ఉత్త కాగితంగా మిగిలిపోతుంది.

విశ్వవిద్యాలయాలు ఏమి అడుగుతాయి?

ఆరోగ్య శిబిరంలో బాగున్నట్లు కనిపించేవారికి కూడా బీపీ, షుగర్ చూస్తారు. స్క్రీనింగ్ కూడా అటువంటిదే. ఇది రోగ నిర్ధారణ కాదు. ఎవరితో వెంటనే కూర్చుని మాట్లాడాలో తెలుసుకునే పద్ధతి.

ఎక్కువగా వాడే ప్రశ్నావళిలో ఒకటి పీహెచ్‌క్యూ-9. ఇది 2001లో ప్రచురితమైంది. ఇందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గడచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, నీరసంగా ఉందా, నేను దేనికీ పనికిరాను అనిపిస్తోందా, చదువు మీద మనసు నిలుస్తోందా మొదలైనవి అడుగుతారు. ‘అసలు లేదు’ అంటే 0, ‘దాదాపు ప్రతిరోజూ’ అంటే 3. ఇలా మొత్తం 27 మార్కులు. 10 లేక అంతకు మించి వస్తే మరింత పరిశీలన అవసరమని భావిస్తారు. తొమ్మిదవ ప్రశ్న, చనిపోతే మేలనిపించిందా, తనను తాను గాయపరచుకోవాలనిపించిందా అన్నది. మొత్తం మార్కులు తక్కువ వచ్చినా సరే, ఈ ఒక్క ప్రశ్నకు 0 కాకుండా మరే జవాబు వచ్చినా ఆ విద్యార్థితో విడిగా మాట్లాడవలసిందే.

రెండవది కొలంబియా స్కేలు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి రూపకల్పన చేశారు. దీని చిన్న రూపంలో ఆరు ప్రశ్నలుంటాయి. చనిపోవాలనే కోరిక, ప్రాణం తీసుకునే ఆలోచన, ఎలా అన్న తలంపు, చేయాలనే ఉద్దేశం, పథకం, ఇంతకుముందు చేసిన ప్రయత్నం లేక సన్నాహం - ఇలా ఒక్కొక్క మెట్టుగా అడుగుతారు. ‘ఒక్కోసారి నిద్రలోనే పోతే బాగుండు’ అనే అలసటకూ, పథకం వేసుకున్న ప్రమాదకర స్థితికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలుసుకోవటానికే ఇన్ని మెట్లు.

అయితే పేరు చెప్పి ఇలాంటి జవాబు ఇవ్వటానికి చాలామంది జంకుతారు. అందుకే ఆత్మహత్యల నివారణకు పనిచేసే ఒక అమెరికన్ సంస్థ 2000ల తొలి సంవత్సరాల్లో మరో పద్ధతి ప్రవేశపెట్టింది. విద్యార్థి తన పేరు చెప్పకుండా కంప్యూటర్‌లో ప్రశ్నావళి నింపుతాడు. కౌన్సిలర్ దాన్ని స్వయంగా చదివి, అతనికే ఉద్దేశించి జవాబు రాస్తాడు. విద్యార్థి పేరు దాచుకునే ఎన్నిసార్లయినా తిరిగి రాయవచ్చు. నమ్మకం కుదిరాక ముఖాముఖి కలుస్తాడు. సిగ్గు అనే గోడను బద్దలు కొట్టకుండా, అందులో ఒక చిన్న తలుపు తెరవటం ఈ పద్ధతిలోని కిటుకు.

ఈ కృషి వెనుక తల్లిదండ్రుల కన్నీళ్ళు కూడా ఉన్నాయి. అమెరికా సెనేటర్ గోర్డన్ స్మిత్ కుమారుడు గారెట్ కాలేజీ విద్యార్థి. 2003 సెప్టెంబరులో ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి సంవత్సరం ఆ యువకుని పేరుతోనే అక్కడ ఒక చట్టం వచ్చింది. కాలేజీలలో మానసిక ఆరోగ్య సేవలకు, యువతలో ఆత్మహత్యల నివారణకు ప్రభుత్వ నిధులు ఇవ్వటానికి ఆ చట్టం దారి తీసింది.

అడిగితే లేని ఆలోచన పుట్టదా?

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అందరూ వెలిబుచ్చే భయం ఇది. నిద్రపోతున్నదాన్ని లేపినట్లవుతుందేమోనని వెనకాడతారు. ఈ భయం నిజమా కాదా అని పరీక్షించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు ఉన్నత పాఠశాలల్లో 2,342 మంది విద్యార్థులను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆత్మహత్య గురించిన ప్రశ్నలు వేశారు. రెండవ భాగానికి వేయలేదు. తర్వాత ఇద్దరి పరిస్థితినీ పోల్చి చూశారు. ఆ ప్రశ్నలు ఎదుర్కొన్నవారిలో వేదన గానీ, ఆత్మహత్య ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగుబాటులో ఉన్నవారు, గతంలో ప్రయత్నం చేసినవారు ఆ ప్రశ్నల వల్ల కాస్త తేలికపడినట్లే కనిపించింది. 2005లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని తర్వాత జరిగిన అధ్యయనాలు కూడా సమర్థించాయి.

ఆలోచించి చూస్తే ఇందులో వింత లేదు. ఆ ఆలోచన లేనివాడు ‘లేదు’ అని ముందుకు సాగుతాడు. ఉన్నవాడు మాత్రం ‘నన్ను ఇది అడిగేవారు ఒకరున్నారు’ అని తెలుసుకుంటాడు.

ప్రశ్నాపత్రం హద్దులు

ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పటం అమానతుకు ద్రోహం. కనుక దీని హద్దులు కూడా చెప్పుకోవాలి. ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో ముందుగా కచ్చితంగా చెప్పగల పరీక్ష ఏదీ లేదు. యాభై ఏళ్ళలో జరిగిన 365 అధ్యయనాలను కలిపి 2017లో పరిశీలించినప్పుడు, ఇలాంటి ముందస్తు అంచనాలు కేవలం ఊహించి చెప్పినదానికంటే కొంచెమే మెరుగని తేలింది. ప్రమాదం ఉన్నవాడు ‘ఏమీ లేదు’ అని రాయవచ్చు. ఈ వారం బాగున్నవాడు వచ్చేవారం పరీక్షా ఫలితాల తర్వాత కుంగిపోవచ్చు. అమెరికా ప్రభుత్వం నియమించిన వైద్య నిపుణుల బృందం 2022లో పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు, 2023లో పెద్దలకు కుంగుబాటు పరీక్ష చేయాలని సిఫారసు చేసింది. కాని ఏ లక్షణాలూ లేనివారందరికీ ఆత్మహత్య స్క్రీనింగ్ విషయంలో మాత్రం తగినంత ఆధారం ఇంకా లేదని చెప్పింది.

దీన్నిబట్టి రెండు విషయాలు అర్థమవుతాయి. మొదటిది: ‘మా అబ్బాయి ఆ ఫారం నింపాడు, మార్కులు తక్కువే వచ్చాయి’ అని నిశ్చింతగా ఉండరాదు. రెండవది: అడిగిన తర్వాత ఆదుకునే మనిషి లేకపోతే అడగటం వ్యర్థం. వేలమంది పిల్లల చేత ఫారాలు నింపించి, మాట్లాడటానికి ఒక్క కౌన్సిలర్‌ను కూడా పెట్టని విద్యాసంస్థ తన బాధ్యత నెరవేర్చినట్లు కాదు.

మన దేశ సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ దిశగా అడుగు వేసింది. విశాఖపట్నంలో నీట్ పరీక్షకు శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలై 25న తీర్పునిస్తూ, విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హతగల కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని, మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచీలుగా విడదీసి అవమానించరాదని అందులో ఉంది. బిడ్డను చేర్పించేటప్పుడు ర్యాంకుల పట్టిక అడిగే మనం, ‘మీ కౌన్సిలర్ ఎవరు? పిల్లలు ఆయన్ని ఎప్పుడు కలవవచ్చు?’ అని కూడా అడగాలి.

‘హరామ్’ అని చెప్పి ఊరుకుంటే సరిపోతుందా?

మిమ్మల్ని మీరు చంపుకోవద్దని దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరా 29వ ఆయత్‌లో స్పష్టంగా ఆదేశించింది. ప్రాణం మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. ఆత్మహత్య ఘోరపాపమని హదీసులు తీవ్రంగా హెచ్చరించాయి. ఈ విషయంలో రాజీ లేదు. పిల్లలకు ఇది తెలియాలి. ఎందరినో ఆఖరి క్షణంలో ఆపినది ఈ జ్ఞానమే.

అయితే అదే ఆయత్ చివర, అల్లాహ్ మీపట్ల ఎంతో కరుణ గలవాడన్న మాట కూడా ఉంది. నిషేధాన్ని, కరుణను అల్లాహ్ ఒకేచోట పేర్చాడు. మనం మాత్రం మొదటి సగం చెప్పి రెండవ సగం వదిలేస్తున్నాం. ‘చనిపోవాలనిపిస్తోంది’ అని బిడ్డ నోరు తెరవగానే “తౌబా! తౌబా! ఈమాన్ లేదా నీకు?” అని గద్దిస్తే వాడు ఆ ఆలోచన మానుకోడు, మనకు చెప్పటం మానుకుంటాడు. ఇక అక్కడినుంచి వాడు ఒంటరివాడు.

హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలామ్) వృత్తాంతం చూడండి. ప్రసవవేదనతో ఖర్జూరపు చెట్టు మొదట ఒంటరిగా ఉన్న ఆ పుణ్యస్త్రీ, ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయింది. మర్యమ్ సూరా 23వ ఆయత్‌లో ఈ ప్రస్తావన ఉంది. అందుకు వచ్చిన జవాబు మందలింపు కాదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది. కాళ్ళ క్రింద నీటి సెలయేరు, తలపై తాజా ఖర్జూరాలు చూపబడ్డాయి. తిను, తాగు, కళ్ళు చల్లబరచుకో అన్న ఆదేశం వచ్చింది. ఆమె వేదనలో పలికిన మాటను ఖుర్‌ఆన్ దాచలేదు. ఆమె స్థాయినీ తగ్గించలేదు.

కష్టం వచ్చిందని మరణాన్ని కోరుకోరాదని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆయన (స) అక్కడితో ఆపలేదు. ఇక తప్పదనిపించినవాడు, జీవించటం మేలైనంత కాలం జీవింపజేయమని, మరణం మేలైనప్పుడే మరణాన్నివ్వమని అల్లాహ్‌ను వేడుకోవాలని నేర్పారు. అంటే ఆ స్థితికి చేరే మనుషులుంటారని ఆయనకు తెలుసు. వారికి నిషేధంతోపాటు చేయూత కూడా ఇచ్చారు.

అలాగే వైద్యం చేయించుకోమని, అల్లాహ్ ఏ వ్యాధినీ ఔషధం లేకుండా దించలేదని ఆయన (స) బోధించారు. మనసుకు వచ్చే జబ్బు ఇందులోకి రాదని ఎవరన్నారు? క్రీ.శ. 850-934 మధ్య జీవించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్‌బల్ఖీ దేహం, మనసు రెండింటి సంరక్షణ గురించి ఒకే గ్రంథంలో రాశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా ఆవరించే దిగులు వేరు అని ఆనాడే విడదీసి చూపాడు. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళటం పాశ్చాత్యుల అలవాటని తోసిపుచ్చేవారు ఈ వారసత్వాన్ని మరచిపోతున్నారు. దుఆ, నమాజు, వైద్యం - ఈ మూడూ ఒకదానికొకటి పోటీ కావు.

ఇంట్లో మనం చేయవలసినవి

1. గమనించాలి. ఫోనులో ముక్తసరిగా మాట్లాడటం, నిద్ర, తిండి తారుమారవటం, ఇష్టమైన పనులు మానేయటం, తాను అందరికీ భారమయ్యానని అనటం, ప్రియమైన వస్తువులు ఇతరులకు పంచేయటం, క్షమించమని వీడ్కోలులా మాట్లాడటం - ఇవి తేలిగ్గా తీసుకోవలసినవి కావు.

2. సూటిగా, మెల్లగా అడగాలి. “బేటా, నీ గొంతు వింటుంటే మాకు దిగులుగా ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా? ఏమున్నా చెప్పు, మేము కోప్పడము” అనాలి. “అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?” అని అడిగితే ‘లేవు’ అన్న జవాబే వస్తుంది.

3. వినాలి. అప్పు చేసి చదివించామని, ఊళ్ళో పరువేం కావాలని ఆ సమయంలో ఎత్తిపొడవరాదు. సీటు పోతే మరో సీటు దొరుకుతుంది. ఏడాది పోతే మరో ఏడాది వస్తుంది. ఆ మాట మన నోటి నుంచే బిడ్డ వినాలి.

4. అవునని చెబితే ఒంటరిగా వదలరాదు. ప్రమాదకరమైన వస్తువులు అందుబాటులో లేకుండా చేసి, అదే రోజు వైద్యుని వద్దకు వెంటబెట్టుకుని వెళ్ళాలి. మన దేశంలో టెలిమానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉన్న బిడ్డకు 988 నంబరు చెప్పి ఉంచాలి. రూమ్మేటు నంబరు, దగ్గరి మస్జిద్ నంబరు, యూనివర్సిటీ కౌన్సిలింగ్ కేంద్రం నంబరు మన దగ్గర కూడా ఉండాలి.

5. రహస్యాన్ని గౌరవించాలి. అమెరికాలో పద్దెనిమిదేళ్ళు దాటిన విద్యార్థి కౌన్సిలర్‌తో చెప్పుకున్నది, ప్రాణాపాయం వంటి పరిస్థితిలో తప్ప, అతని అనుమతి లేకుండా తల్లిదండ్రులకు సాధారణంగా చెప్పరు. దీన్ని మనకు అవమానంగా భావించరాదు. ఆ నమ్మకం ఉంటేనే బిడ్డ నోరు విప్పుతాడు. పెళ్ళి సంబంధాలకు అడ్డమని బంధువుల దగ్గర దాచటం తప్పు కాదు. వైద్యుని దగ్గర దాచటమే ముప్పు.

6. చట్టానికి భయపడి ఆసుపత్రికి వెళ్ళటం మానరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని చెబుతుంది. పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్‌కు 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటులేదు.

ఈ దుఃఖం ఇప్పటికే ఏదైనా ఇంట జరిగి ఉంటే ఆ కుటుంబాన్ని మాటలతో పొడవటం విశ్వాసి లక్షణం కాదు. అలా మరణించిన ఒక వ్యక్తికి దైవప్రవక్త (స) స్వయంగా జనాజా నమాజు చేయించలేదన్న ఉల్లేఖనం ఉంది. అది ఇతరులకు హెచ్చరికగానేనని, ముస్లిములు ఆ నమాజు చేయాలని అధిక సంఖ్యాక ఉలమా అభిప్రాయం. మరణించినవారి లెక్క అల్లాహ్‌ది. బ్రతికున్నవారిని ఆదుకోవటం మన పని.

మస్జిద్ ఊడ్చే ఒక సామాన్య స్త్రీ కనిపించకపోతే, ఆమె ఏమైందని అడిగిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది. ఒక ప్రాణాన్ని కాపాడటం మానవజాతి అంతటినీ కాపాడటంతో సమానమని అల్‌మాయిదా సూరా 32వ ఆయత్ చెబుతోంది. ఆ మహత్కార్యం ఒక్కోసారి ఒక చిన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఈ రాత్రి ఇషా తర్వాత హాస్టల్లో ఉన్న బిడ్డకు ఫోను చేయండి. మార్కుల సంగతి రేపు అడగవచ్చు. ఎలా ఉన్నావో ముందు అడగండి. జవాబు పూర్తిగా వినేదాకా ఫోను పెట్టకండి.

అల్లాహ్ మన సంతానాన్ని నిరాశ నుండి కాపాడుగాక! వారి మాట వినే సహనాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.